ఉబెరాబా సంఘం - మన ఒంగోలు ఆవు



ఒక వార్త మీలో చాలామంది వినే వుంటారు. 2023 లో బ్రెజిలు దేశంలో, సావోపాలో రాష్ట్రంలో ఒక తెల్లావును వేలం వేశారు. ఆవు మొత్తాన్ని కాదు, ఆవులో మూడోవంతు హక్కును మాత్రమే. ఆ మూడోవంతుకు పలికిన పాటను బట్టి లెక్క కడితే ఆవు ఖరీదు మన రూపాయల్లో 35 కోట్ల పైచిలుకు తేలింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవు అని గిన్నిస్ పుస్తకం వాళ్లు రాసుకున్నారు. ఆవు పేరు వియాతీనా-19. జాతి పేరు నెలోర్.

నెలోర్ అంటే మరేమీ కాదు, మన నెల్లూరే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో వుండేది. అందువల్ల ఆ రోజుల్లో ఓడ ఎక్కిన ఒంగోలు పశువులకు నెల్లూరు పశువులనే పేరు వచ్చింది. ఆ పేరే అక్కడివాళ్ల నోట నెలోర్ అయింది.

ఈ వార్త వచ్చినప్పుడు రచ్చబండల మీద మనమంతా సంతోషించాం. "మన ఒంగోలు ఆవే గదా!" అనుకున్నాం. సంతోషించవలసిందే. కాని పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు ఊరుకుంటే లాభం లేదు. మన కొట్టంలో వున్నప్పుడు రాని ధర, సముద్రాలు దాటి పోయాక ఎందుకు వచ్చింది? నేల వేరు, మేత వేరు, డబ్బు వేరు అంటారా? కొంత నిజమే. కాని అసలు తేడా ఒక పుస్తకంలో వుంది. ఆ పుస్తకాన్ని నూరేళ్లకు పైగా కాపాడుకుంటూ వచ్చిన ఒక పశుపోషకుల సంఘంలో వుంది. ఆ సంఘం కథ మీకు చెప్పాలని నా కోరిక.

బ్రెజిలు ఆగ్నేయ భాగంలో మీనాస్ జెరాయిస్ అనే రాష్ట్రం వున్నది. ఆ రాష్ట్రానికి పడమటి కొసన రెండు పెద్ద నదుల నడుమ ముక్కోణం ఆకారంలో ఒక ప్రాంతం వుంది. అక్కడి ప్రధానమైన ఊళ్లలో ఒకటి ఉబెరాబా. ఎర్రనేలలు, ముదురు గడ్డి, పొట్టి చెట్ల బీళ్లు. ఆర్నెల్లు వానలు, ఆర్నెల్లు ఎండలు. 1889 లో ఆ ఊరికి రైలు వచ్చింది. పశువుల బేరసారాలు పెరిగాయి.

అంతవరకు అక్కడ వున్నవి పూర్వం పోర్చుగీసువాళ్లు తెచ్చిన పశువుల సంతతి. మూపురం లేని జాతులు. వేడికి రొప్పేవి. పిడుదులు పట్టి పీల్చేవి. కరువునెలల్లో ఎముకలు తేలేవి. యూరపు నుంచి మేలుజాతులను తెచ్చి కలిపితే బాగుపడతాయని పెద్దలు చెప్పేవారు. తెచ్చి చూస్తే అవి యీ ఎండకు అసలే ఆగలేదు.

మరి మన పశువులు అక్కడికి ఎట్లా చేరాయి? 1868 లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిలులోని సాల్వదోర్ రేవులో ఆగిందని, దానిలో వున్న రెండు ఒంగోలు పశువులను అక్కడే అమ్మేశారని ఆ జాతి చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. పది సంవత్సరాల తరువాత, 1878 లో, రియో ప్రాంతపు రైతు మాన్యుయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాల నుంచి ఒంగోలు జతను కొని తెచ్చుకున్నాడు. వింతకోసం చూపెట్టే మృగాల మధ్య నుంచి మన ఆవు పొలానికి వచ్చిందన్నమాట!

అవి ఎండలో మేశాయి. పిడుదులకు లొంగలేదు. ముదురు గడ్డి తిని దూడలను పెంచాయి. రైలు అందని చోట్ల నుంచి వందల మైళ్లు నడిచి సంతకు చేరాయి. ఈ సంగతి ఉబెరాబా రైతుల చెవిన పడింది. ఆ ప్రాంతం నుంచి తెయోఫిలో ద గొదోయ్ అనే ఆయన 1893 లో పశువుల కోసం మన దేశానికి ప్రయాణమై వచ్చాడు. భాష తెలియదు, దేశం తెలియదు. ఆయన వెనుక మరికొందరు వచ్చారు. గుజరాతులో గిర్, కాంక్రెజ్ పశువులను, మన వైపు ఒంగోలు పశువులను బేరం చేసి, ఓడలు మారుస్తూ నెలల తరబడి సముద్రం మీద తీసుకుపోయారు. అక్కడివాళ్లు మూపురం వున్న మన పశువులన్నిటినీ కలిపి జెబు అని పిలుస్తారు.

ఊరు మెచ్చినా పండితులు మెచ్చలేదు. జెబు మొరటు జంతువని, దాని రక్తం కలిస్తే దేశంలోని పశుసంపద పాడవుతుందని సావోపాలోలోని పెద్దలు కొందరు పత్రికల్లో గట్టిగా రాశారు. వాళ్లకు సమాధానం చెప్పాలంటే ఉబెరాబా రైతు దగ్గర ఏముంది? "నా ఆవు మంచిది" అన్న నోటిమాట తప్ప ఏమీ లేదు. నోటిమాటకు సాక్ష్యం లేదు. పైగా మంచి జాతి అని చెప్పి కలగలుపు దూడలను అంటగట్టే బేరగాళ్లు కూడా బయలుదేరారు.

అప్పుడు ఆ ఊరి పశుపోషకులు ఒకచోట కూర్చున్నారు. 1919 లో జెబు పశువుల వంశావళి పుస్తకం పెట్టడానికి ఒక సంఘం కట్టారు. ఏ ఆవు ఎవరిది, దాని తల్లి ఏది, తండ్రి ఏది, ఎప్పుడు పుట్టింది, ఈ నాలుగు మాటలే పుస్తకానికి ఆధారం. చూడటానికి ఎంత చిన్న పని! కాని దాని విలువ రెండేళ్లు తిరక్కుండానే తెలిసివచ్చింది.

1920 లో మన దేశం నుంచి బ్రెజిలుకు పోతున్న జెబు పశువులను దారిలో బెల్జియం దేశపు ఆంట్వెర్ప్ రేవులో దించారు. వాటివెంట ముసరవ్యాధి కూడా దిగింది. మన తాతల కాలంలో ఒక్క వారంలో కొట్టాలను ఖాళీచేసిన మహమ్మారి అది. బెల్జియంలో పశువులు చచ్చాయి. 1921 లో బ్రెజిలులోనూ వ్యాధి పొడసూపింది. జబ్బు తగిలిన మందలను చంపి, దారులు మూసి, కొద్ది నెలల్లో దాన్ని అదుపులోకి తెచ్చారు. ఆ ఏడే జెబు పశువుల దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. ఈ దెబ్బ తిన్న తరువాతే పశువ్యాధుల సంగతి దేశదేశాలు ఒకదానికొకటి తెలియజేసుకోవాలని 28 దేశాలు ఒప్పుకున్నాయి. అందుకోసం 1924 లో పారిస్‌లో అంతర్జాతీయ పశువ్యాధుల సంస్థ ఏర్పడింది. మన దేశానికి ముసరవ్యాధి పీడ వదిలినట్టు 2006 లోను, ప్రపంచమంతటికీ వదిలినట్టు 2011 లోను ప్రకటించారు. ఆ వ్యాధి ఇప్పుడు లేదు. కాని సంతలో కొన్న పశువును నేరుగా మందలో కలపరాదు, కొన్నాళ్లు వేరుగా కట్టి చూడాలి అన్న పాఠం మాత్రం ఎప్పటికీ వుంటుంది.

సరే, దిగుమతి ఆగింది. కొత్త ఆబోతు రాదు. ఇక వున్నవాటినే లెక్కపెట్టుకుని జాగ్రత్తగా పెంచుకోవాలి. పుస్తకం అవసరం అప్పుడే ఎక్కువ. కాని, సోదరులారా, మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటే. అక్కడ జరిగిన పొరపాటు కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

వాళ్లు గిర్, కాంక్రెజ్, ఒంగోలు మూడింటినీ కలగలిపి ఇందుబ్రాజిల్ అని కొత్త జాతి తయారుచేశారు. అది భారీగా పెరిగేది. దాని చెవులు చాలా పొడుగు. రానురాను చెవుల మీద మోజు పుట్టింది. చెవి ఎంత వేలాడితే ధర అంత. పాలెన్ని, బరువెంత, ఈతకూ ఈతకూ ఎడమెంత అన్నవి వెనకబడ్డాయి. పశువును పొలానికని కాక మళ్లీ అమ్మడానికని కొన్నారు. బ్యాంకుల్లో అప్పుతెచ్చి కొన్నారు. అప్పు పుట్టినన్నాళ్లు ధర ఎక్కింది. 1945 లో అప్పు బిగుసుకునేసరికి ధర కుప్పకూలింది. చెవులు మాత్రం అట్లాగే వేలాడుతున్నాయి! ఎన్నో కుటుంబాలు అప్పుల్లో మునిగాయి. బాకీల సడలింపు కోసం పశుపోషకులు ప్రభుత్వం చుట్టూ సంవత్సరాల తరబడి తిరగవలసి వచ్చింది.

ఇంత దెబ్బ తగిలినా సంఘం చెదరలేదు. ఎందుకు చెదరలేదో చూడండి. 1934 లో ఆ పాత పుస్తకపు సంఘమే ముక్కోణ ప్రాంతపు రైతు సంఘంగా మారింది. 1935 నుంచి ఏటా పశువుల ప్రదర్శన మొదలుపెట్టింది. 1938 లో బ్రెజిలు వ్యవసాయశాఖ వంశావళి నమోదు అధికారాన్ని సంఘానికే అప్పగించింది. ఒక్కొక్క జాతికి లక్షణాలు ఇవీ అని నిర్ణయించి, జాతికొక పుస్తకం వేరుచేశారు. 1941 లో ప్రదర్శనకు సొంత మైదానం ఏర్పడింది. అందువల్ల చెవుల మోజులో జనం కొట్టుకుపోతున్న రోజుల్లో కూడా, కలగలుపు చేయకుండా శుద్ధంగా వుంచుకున్న నెలోర్ మందలు కొన్ని పుస్తకంలో మిగిలాయి. ధరలు కూలిన తరువాత జనం వెనక్కి తిరిగి చూస్తే కనిపించినవి ఆ మందలే. పుస్తకం విత్తనాల గాదె లాంటిది. పంట పోయిన ఏడు గాదెలో విత్తనం వున్నవాడే రైతు.

1954 లో నెలోర్ పోషకులు విడిగా తమ సంఘం కూడా పెట్టుకున్నారు. అయితే వున్న మందలు కొద్ది. తిరిగి తిరిగి అదే రక్తం. కొత్త రక్తం కావలసి వచ్చింది. 1960 తరువాత రెండు మూడేళ్లలో ప్రత్యేకమైన అనుమతి మీద మళ్లీ మన దేశం నుంచి పశువులు తీసుకుపోయారు. ఈసారి 1921 పాఠం మరిచిపోలేదు. సముద్రం మధ్యనున్న ఫెర్నాందో ద నొరొన్యా దీవిలో వాటిని దించి, పరీక్షలన్నీ అయ్యాక గాని నేల మీదికి రానివ్వలేదు. ఆ మందలో తోరెస్ ఓమెమ్ రొద్రిగెస్ ద కున్య అనే పశుపోషకుడు తీసుకుపోయిన ఆబోతు ఒకటి వుంది. దాని పేరు కర్వాది. ఒంగోలుకు దగ్గరున్న కరవది గ్రామం పేరు అది. మరొక ఆబోతు పేరు గోదావరి. ఈనాడు బ్రెజిలులో పేరుమోసిన నెలోర్ వంశాలను పైకి పైకి చూసుకుంటూ పోతే కర్వాది పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. మన ఊరి పేరు మనం రాసుకోలేదు. వాళ్లు రాసుకున్నారు.

1967 లో ఆ ప్రాంతీయ సంఘం దేశమంతటికీ చెందిన బ్రెజిలు జెబు పోషకుల సంఘం అయింది. కచేరీ మాత్రం ఉబెరాబాలోనే వుంచుకున్నారు. 1975 లో రైతుబిడ్డల కోసం అక్కడే కాలేజీ పెట్టారు. 1984 లో జెబు మ్యూజియం పెట్టారు. ఒక శతాబ్దం పొడుగునా మన దేశం నుంచి అక్కడికి చేరిన పశువులు అన్ని జాతులూ కలిసి ఏడువేలకు మించవని లెక్క. ఇవాళ బ్రెజిలులో పశువులు 20 కోట్ల పైన వున్నాయి. వాటిలో నూటికి ఎనభైలో మన మూపురపు పశువుల రక్తం వున్నది. అందులోనూ ఎక్కువ భాగం నెలోరే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. వాళ్లు నెలోర్‌ను ముఖ్యంగా మాంసం కోసం పెంచుతారు. మన రైతు ఒంగోలు పశువును పెంచింది దుక్కికి, బండికి, ఇంటి పాడికి. ఆ ఉద్దేశం వాళ్లది, ఈ ఉద్దేశం మనది. మనం నేర్చుకోవలసింది ఉద్దేశం కాదు, పద్ధతి.

ఆ పద్ధతి ఏమిటంటారా? దూడ పుట్టగానే రైతు సంఘానికి తెలియజేయాలి. ఏ ఆబోతు కట్టిందో ముందే తెలిపి వుండాలి. దూడకు నంబరు ఇస్తారు. అది పెరిగాక సంఘం పంపిన నిపుణుడు కొట్టానికి వచ్చి చూస్తాడు. వెంట్రుక తెలుపు, దాని కింద చర్మం నలుపు, ముట్టె నలుపు వున్నాయా? మూపురం కుదురుగా వుందా? నడక సాఫీగా వుందా? కోడె అయితే రెండు బీజాలూ సమంగా దిగాయా? ఇవన్నీ సరిపోతేనే సంఘం ముద్ర పడుతుంది. లోపముంటే, ఎంతటి ఆసామి పశువైనా ముద్ర పడదు. దీనితోపాటు దూడలను తూకం వేసి, ఆవుల పాలు కొలిచి ఆ అంకెలూ రాస్తారు. కాబట్టి కొనేవాడు కళ్లతో ఒక పశువును చూస్తూ, పుస్తకంలో దాని తాతముత్తాతలను కూడా చూస్తాడు. కోట్ల ధర పలికింది ఆ ఒక్క ఆవుకే కాదు. దాని వెనుక వున్న తరాల లెక్కకు కూడా.

ఇక మన సంతకు రండి. ఒక కుర్రవాడు కోడెను బేరమాడుతున్నాడనుకోండి.

"ఏం బాబాయ్, యీ కోడెకు తండ్రి ఎవరు?"

"మన గుడి ఆబోతేరా అబ్బాయ్."

"మరి ఆ ఆబోతుకు తండ్రి?"

"అది మీ తాతకు తెలుసు. ఆయన పోయాడాయె!"

ఇదీ మన పుస్తకం. తాత వున్నన్నాళ్లు వుంటుంది, తాతతో పోతుంది. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటాం. ఆ వేళ మనసులో వుంటుంది గాని కాగితం మీద వుండదు.

మనకు తెలివి లేక కాదు. మూపురం చూసి, గంగడోలు చూసి, గిట్టలు చూసి జాతిని ఎంచడంలో గుండ్లకమ్మ ఒడ్డు రైతును మించినవాడు లేడు. వచ్చిన విదేశీయుడు ఎన్నుకున్నది మన రైతు ఎంచి పెంచిన పశువునే గదా! ప్రభుత్వం పని చేయలేదనీ అనలేం. వంశావళి పుస్తకాలు మన దేశంలో 1940 ల లోనే ఆరంభమయ్యాయి. కేంద్ర ప్రభుత్వపు మంద నమోదు పథకానికి ఒంగోలులో కేంద్రం పెట్టారు. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతిని కాపాడే పని జరుగుతున్నది. లోపం ఎక్కడంటే, అక్కడ పుస్తకం రైతులు తమ అవసరానికి తామే పెట్టుకున్నారు. ప్రభుత్వం తరువాత వచ్చి దానికి అధికారం ఇచ్చింది. ఇక్కడ పుస్తకం ఆఫీసులో మొదలైంది. కొట్టం దాకా పూర్తిగా రాలేదు.

అదీగాక, ట్రాక్టరు వచ్చాక దుక్కికి ఎద్దు అక్కరలేకపోయింది. ఎద్దు అక్కరలేని ఇంట్లో ఒంగోలు ఆవు నిలవడం కష్టమైంది. పాలకోసం సంకరజాతి ఆవులూ గేదెలూ వచ్చాయి. బండలాగుడు పందేల పుణ్యమా అని గిత్తల మీద మోజు మిగిలింది. మంచిదే. కాని గిత్తను కన్న ఆవును ఎవరు రాసుకుంటున్నారు? పందెంలో గెలిచిన గిత్త ఫోటో గోడ మీద వుంటుంది. దాని తల్లి ఎప్పుడో సంతకు పోయి వుంటుంది. వాళ్లకు చెవుల మోజు ఎట్లా చెరుపు చేసిందో, ఆవును మరిచిన పందెపు మోజు మనకు అట్లాగే చెరుపు చేయవచ్చు.

అందువల్ల మీకు కొన్ని చిన్న పనులు చెప్తాను. ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక కలం.

మొదటిది. ఒక్కొక్క ఆవుకు ఒక పేజీ కేటాయించండి. చెవికి వేసిన పోగు మీద 12 అంకెల నంబరు వుంటుంది. దాన్ని పేజీ పైన రాయండి. పేరు వుంటే పేరు కూడా రాయండి. తల్లి ఏదో, మీకు తెలిసినంతవరకు ఎవరి కొట్టం నుంచి వచ్చిందో రాయండి.

రెండోది. ఎదకు వచ్చిన తేదీ, కట్టించిన తేదీ, ఈనిన తేదీ రాయండి. సూదిమందులా విత్తనం ఎక్కించినప్పుడు ఆ సన్నగొట్టం మీద ఆబోతు నంబరు అచ్చువేసి వుంటుంది. గొట్టాన్ని పారవేయకముందే ఆ నంబరు అడిగి రాసుకోండి. అది మీ దూడకు తండ్రి పేరు. తండ్రి పేరు పెంటకుప్పలో పారేస్తామా?

మూడోది. నెలకొక రోజు రెండు పూటలా పాలు కొలిచి రాయండి. ఎక్కువ వచ్చిన రోజే కాదు, తక్కువ వచ్చిన రోజూ రాయండి. అబద్ధం రాసిన పుస్తకం కంటె ఖాళీ పుస్తకం మేలు.

నాలుగోది. ఊరి ఆబోతు తన పెయ్యలనే కట్టకుండా చూడండి. పెయ్య ఎదకు వచ్చే వయసు సుమారు మూడేళ్లు. కనుక మూడేళ్లకొకసారి ఆబోతును పొరుగూరితో మార్చుకోండి. ఎవరి పెయ్య ఎవరి బిడ్డో తెలియాలంటే మళ్లీ పుస్తకమే శరణ్యం.

ఐదోది, ముఖ్యమైనది. ఒక్కరే రాస్తే అది డైరీ అవుతుంది. పదిమంది కలిసి రాస్తే సంఘం అవుతుంది. ఊళ్లో ఒంగోలు ఆవు వున్న పది ఇళ్లవాళ్లు నెలకొకసారి కూర్చోండి. పది పేజీలను ఒక పెద్ద పుస్తకంలో ఎక్కించండి. ఏడాదికొకసారి పశువుల డాక్టరుగారిని పిలిచి పశువులను చూపించి, పుస్తకం మీద సంతకం చేయించండి. ఆయన లోపం చెపితే కోపం తెచ్చుకోకండి. ప్రెసిడెంటుగారి కోడెకైనా లోపం లోపమే. ఈ ఒక్క నియమం తప్పితే సంఘం ఆరునెలలు కూడా నిలవదు.

ఇదంతా చేస్తే వచ్చే ఏడాదికే మీ ఆవు కోట్లు చేస్తుందని నేను చెప్పను. చెపితే నమ్మకండి. ఉబెరాబావాళ్లు 1919 లో రాసిన మొదటి పేజీకి ఫలం వాళ్ల మనమల కాలానికి పూర్తిగా అందింది. కాని ఆ మొదటి పేజీ రాసినవాళ్లు రాజులూ కారు, శాస్త్రవేత్తలూ కారు. తమ పశువును నలుగురూ తక్కువచేసి మాట్లాడుతుంటే సహించలేక, దానికి సాక్ష్యం కూడబెట్టుకున్న రైతులు.

మన ఆవు అక్కడ ఎవరో ఇవాళ అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరో చెప్పగలిగిన ముసలివాళ్లు ఇంకా కొందరు మన ఊళ్లలో వున్నారు. రేపు పొద్దున పాలు పితికాక అటువంటి పెద్దాయన పక్కన ఒక పుస్తకం పట్టుకుని కూర్చోండి. "తాతా, మన ఎర్రకొమ్ముల ఆవు ఎవరింటినుంచి వచ్చింది?" అని అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి. అదే మీ సంఘానికి మొదటి పేజీ.